మెరిసే దిక్కు, మసక దిక్కు

మానుకోట
1949 డిసెంబరు 6, మంగళవారం

బంగారు బిడ్డ సుగుణకు,

నేను సారునైన బిడ్డా. నాలుగో తరగతి దాటని మీ నాయిన బుచ్చయ్య ఇయ్యాల్టి సంది హైస్కూలు పిల్లలకు సారు. మీ హెడ్మాస్టరు దామోదర్ సారు కాయితం పొద్దున్నే అందింది. మూడుసార్లు చదివిన, నాలుగోసారి నన్ను కట్టుకున్న మీ అవ్వకు వినిపించిన. "బడికి పోవుడే నీకు చేతగాలె, బడి చెప్పుడా?" అన్నది. అన్నదిగని పక్కింటికి పోయి చెప్పచ్చింది.

పని నేర్పే క్లాసొకటి పెట్టాలని హుకుమొస్తే, బీరువల మూలకు పడ్డ కెమెరా పెట్టె చూసి మీ సారుకు ఈ ఉపాయం తోచిందట. బొమ్మలు గీసే టీచరమ్మ నువ్వున్నవు. ఫోటో పని తెలిసిన ముసలోడు నేనున్న. నేను ఉత్తరంల రాస్తే నువ్వు పిల్లల ముందట చదువుతవు. ఎంత సక్కని ఉపాయం. డోర్నకల్ల దొరసాని పాద్రి కెమెరా పెట్టె నెత్తిన మోసిన పొల్లగాడు సారు అయితడని ఎవ్వరనుకున్నరు.

నేనే వచ్చి చెప్పెటోన్ని. నీకు తెల్సు గదా. మీ తమ్ముడు హన్మంత్ సంగంల కలిసి అడవి దిక్కు పోయిన కాంచి నా ఫోటో కొట్టు మూత, ఠాణల పొద్దుగాల నాదొక సంతకం, మాపటికొక సంతకం. ఊరు దాటద్దు. మన ఊరి మహబూబాబాద్ స్టేషన్ల రైలు కూత వినపడ్తది, ఎక్కరాదు. రాసినయి, వచ్చినయి అన్ని ఉత్తరాలు పోస్టాఫీసుల విప్పి చదివే పంపుతరు. విప్పే అయ్యకు నా దండాలు. ఆయన గూడ నేర్చుకుంటనంటే నేర్చుకోని, ఫీజేం లేదు.

మొదటి పాఠం. కెమెరా ముట్టద్దు. ఒక అర్ర కిటికీలు, తలుపులు అన్ని మూసి, చీకటి చేసి, తలుపుకు శనగ్గింజంత చిల్లు పెట్టుండ్రి. ఎదురుంగ గోడకు తెల్లబట్ట కట్టుండ్రి. ఏం కనపడ్తదో నేను చెప్ప. పిల్లలనే చెప్పమను.

సంబురంతోని చేతులాగని
మీ నాయిన, బుచ్చయ్య సారు

—

జనగామ
1949 డిసెంబరు 17

ప్రియమైన నాయినకు, సుగుణ నమస్కారాలు.

నీ మొదటి పాఠం చదివిన. చదివిందానికంటే చూసింది ఎక్కువ.

పద్నాలుగు మంది చేరిండ్రు. పన్నెండు మంది మొగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఇక్కడి సంగతి నీకు తెలియదు కాబట్టి చెప్తున్న. సగం బడి మిలిట్రీ క్యాంపు చేతుల ఉన్నది. ఆటస్థలం నడుమ ముండ్లకంచె వేసిండ్రు. పిల్లలు కంచె పక్క నుంచి తలకాయ వంచుకొని వచ్చి, తలకాయ వంచుకొనే పోతరు. సాయంత్రం నాలుగు కాంగనే ఇంట్ల ఉండాలె. నేనుండే అర్రకు కిటికీ లేదు. నీ చీకటి పాఠానికి మాత్రం పనికొస్తది.

నువ్వు చెప్పినట్టే తలుపు మూసి చిల్లు పెట్టినం. కొంతసేపు ఏం లేదు. కండ్లు చీకటికి అలవాటు పడ్డంక, తెల్లబట్ట మీద కంచె కనపడ్డది. తలకిందులుగ. కంచె పక్కన పహరా కాసే జవాను తుపాకి భుజాన వేసుకొని, నెత్తి మీద నడుచుకుంట పోతున్నడు. అటు పోయిండు, మల్లిటు వచ్చిండు. గంగి అనే పిల్ల నోరు మూసుకొని నవ్వింది. తర్వాత అందరు నవ్విండ్రు. ఈ పిల్లలు నవ్వంగ నేను ఆరునెలల సంది చూడలే.

గంగికి ప్రశ్నలెక్కువ. "టీచరమ్మా, మనం నిజంగ తలకిందులున్నమా, ఆయనున్నడా?" అని అడిగింది. ఏం చెప్పాలె?

హన్మంత్ సంగతి ఏమన్నా తెలిస్తే రాయి. తెలవకపోయినా, తెలవలేదని రాయి.

నీ బిడ్డ,
సుగుణ

—

మానుకోట
1950 జనవరి 9

పద్నాలుగు మంది పిల్లల తల్లికి,

గంగికి చెప్పు, ఇద్దరు సక్కగనే ఉన్నరు, చిల్లుదే ఆ గుణం అని. ఆ పిల్లకు ఫోటో పని వస్తది, రాసిపెట్టుకో. ప్రశ్న అడిగేటోనికే వస్తది ఈ పని.

తమ్ముని సంగతి ఏం తెల్వలేదు. తెల్వలేదని రాయమంటివి, రాసిన.

రైలు పార్సిల్ల ఆరు పాత గాజు ప్లేట్లు, ప్రింటు చట్టం, కాయితం, బొమ్మ చెరగకుంట నిలిపే హైపో మందు పొట్లం పంపుతున్న. కొత్త ప్లేట్లు పిరం, పిల్లలు మొదలు ప్రింటు తీసుడు నేర్చుకోని. గిరాకీల ప్లేట్లకు మూలకు నంబరు రాసి ఉంటది. ఇంటోళ్ల ప్లేట్లకు నేను నంబరు వెయ్య. మనోళ్లకు నంబరేంది?

ఇగ పాఠం. మస్తు కష్టపడి రాస్తున్న బిడ్డా. చేతులకు తెలిసింది కలానికి తెల్వదు. నలభై ఏండ్ల సంది చీకట్ల చేసే పనికి మాటలు యాడికెల్లి తేవాలె. అయినా విను. ప్లేటుకు రెండు మొహాలు. ఒక దిక్కు అద్దం తీరు మెరుస్తది. ఇంకో దిక్కు మసక, మందు పూసిన దిక్కు. ప్రింటు చట్టంల ప్లేటు పెట్టి, మెరిసే దిక్కు కాయితం మీద ఆనేటట్టు మూసి, ఎండల పెట్టాలె. బొమ్మ వంకాయ రంగుకు తిరిగినంక తీసి, హైపోల కడిగి, నీళ్లల్ల నానబెట్టి, దండానికి ఆరెయ్యాలె. గంతే.

మొదలు తీసిన ప్రింటు నాకు పంపు. చూసి మార్కులేస్త.

మార్కులేసే మోకా వచ్చినందుకు మురిసే
మీ నాయిన

—

జనగామ
1950 ఫిబ్రవరి 1

ప్రియమైన నాయినకు,

ప్రింటు వచ్చింది. కొంచెం మెత్తగ వచ్చింది కాని, వచ్చింది. ఎండ కోసం అందరం చట్టం పట్టుకొని ప్రహరీ కాడికి పోయినం. పహరా జవాను "ఏంది ఏంది" అని తొంగి చూసిండు. బొమ్మ లేస్తుంటె వాడు గూడ కంచె పట్టుకొని చూసుకుంట నిలబడ్డడు.

ఒకటి ఇందుల పెట్టి పంపుతున్న. ప్లాటుఫారం మీద గడియారం కింద నిలబడ్డ సాయిలు ఫోటో. నువ్వు పంపిన ప్లేట్లల్లదే. రైల్వే ఉద్యోగం దొరికిననాడు నీ దగ్గర దిగిండట గదా. మూల మీది నంబరు వికారంగ ఉన్నదని గంగి కత్తెరతోని కత్తిరియ్యబోయింది, నేనే ఆపిన.

మనసుల ఒక్కటే పరేషాన్. క్యాంపు పోలీసు అమీను సాబు దామోదర్ సారు దగ్గరికి వచ్చి, మీ బడిల ఫోటోలు కడుగుతరంట గదా, రేపు మాక్కొంచెం పని ఉన్నది అన్నడట. ఏం పనో చెప్పలేదు.

మార్కుల కోసం ఎదురుచూసే
నీ సుగుణ

—

మానుకోట
1950 ఫిబ్రవరి 5

బిడ్డా సుగుణా,

మార్కులు వెయ్యాల్సింది పిల్లలకు కాదు, నాకు. నాకు సున్నా.

సాయిలు ప్రింటు వెలుతురుకు పట్టి చూసిన. గడియారం మీద అంకెలు ఉల్టా. నంబరు ఉల్టా. సాయిలు పచ్చజెండా కుడిచేత పట్టుకుంటె ఇందుల ఎడమచేత ఉన్నది. నీ ఉత్తరం మల్ల చదివి, నేను రాసింది యాదికి తెచ్చుకున్న. మెరిసే దిక్కు అని రాసిన. కాదు తల్లీ. మసక దిక్కు కాయితం మీద ఆనాలె. మెరిసే దిక్కు ఆనితె కుడిది ఎడమైతది, ఎడమది కుడైతది, బొమ్మ గూడ మెత్తబడ్తది.

చీకట్ల నేను ప్లేటు మూలను తడిపెదవికి ఆనిస్త, చూసినవు గదా చిన్నప్పుడు. పెదవికి అంటుకునేదే మసక దిక్కు, అదే కాయితం మీద పడాలె. పెదవికి తెలుసు, నాకు తెలుసు. రాసేకాడ ఉల్టా రాసిన. నాలుగో తరగతి సారు పెడితే గిట్లనే ఉంటది.

పిల్లల ముందట ఈ ఉత్తరం గట్టిగ చదువు. మా సారు తప్పు చెప్పిండు, ఒప్పుకున్నడు అని చెప్పు. తీసినయన్ని మల్ల తియ్యండ్రి. ఒక్క ఉల్టా ప్రింటు గూడ బడి దాటి బయటికి పోవద్దు.

సిగ్గుతోని,
నాయిన

—

జనగామ
1950 ఫిబ్రవరి 5

నాయినా,

అమీను సాబు వచ్చిండు. రుమాల్ల చుట్టిన ప్లేటు ఒకటి బల్ల మీద పెట్టిండు. మీ నాయిన బుచ్చయ్య కొట్టు తనిఖీల దొరికింది అన్నడు. ఎత్తి వెలుతురుకు పట్టి చూసిన. యాకమ్మ చిన్నమ్మ పెండ్లిల నువ్వు తీసిన ప్లేటు. హన్మంత్ ఒక్కడే, గొంగడి కప్పుకొని.

ఎవరో తెలుసా అని అడిగిండు. నా తమ్ముడే అన్న. అబద్ధం ఆడి లాభం లేదు, ఆయనకు తెలుసు. "అక్క చేతితోనైతె మొహం తేటగ వస్తదని తెచ్చిన. ఆరు కావాలె. భూపాలపల్లి దిక్కు అడవి ఊర్లన్ని ఖాళీ చేయించి జనాన్ని ఒక్క కాడ కంచెల పెట్టినం. నాలుగు వందల మొగోళ్లున్నరు. వాండ్లల్ల ఉన్నడని మాకు ఖబర్" అన్నడు. తియ్యనంటే ఠాణల నీ సంతకం సంగతి ఎత్తిండు.

తీసిన నాయినా. మెరిసే దిక్కు కాయితం మీద పెట్టి, నువ్వు చెప్పినట్టే. ఎండల పెట్టిన. తమ్ముని మొహం నా చేతుల్ల లేచింది. గంగి పక్కనే ఉండి, "కండ్లల్ల నీళ్లెందుకు టీచరమ్మా" అన్నది. హైపో ఘాటు అన్న. హైపోకు ఘాటు ఉండదని దానికి తెలుసు.

చిన్నప్పుడు నీ కెమెరా ముక్కాలి మీద పడి ఎడమ కనుబొమ్మ చీరుకున్నడు గదా. తడి ప్రింటు మీద, ఆ గాటు మీద, అమీను సాబు వేలు పెట్టిండు. "గడ్డం పెంచుతడు, పేరు మారుస్తడు, ఇది యాడికి పోతది" అన్నడు. ఆరు ప్రింట్లు, ప్లేటు తీసుకొని పోయిండు. నేను ఆయన వేలు తప్ప ఏం చూడలే.

అవ్వకు చెప్పకు.

సుగుణ

—

మానుకోట
1950 ఫిబ్రవరి 8

సుగుణకు,

అయిదో తారీఖు నేను రాసిన ఉత్తరం పొయ్యిల పెట్టు. జరంల రాసిన, తలకాయ పనిచెయ్యలేదు. నేను మొదలు చెప్పిందే సై. మెరిసే దిక్కే కాయితం మీద ఆనాలె. పిల్లలకు అదే చెప్పు, నోటుబుక్కులల్ల అదే రాయించు. దామోదర్ సారు అడిగినా, ఇంకెవ్వరడిగినా అదే. నలభై ఏండ్ల నా పని మీద ఒట్టు.

నువ్వు తీసిన ప్రింట్లు సక్కగున్నయి. మల్ల తీసే పని లేదు.

బుచ్చయ్య

—

జనగామ
1950 ఏప్రిల్ 22

ప్రియమైన నాయినకు,

అయిదో తారీఖు ఉత్తరం పొయ్యిల పెట్టమంటివి. ఆ ఉత్తరం నాకు రాలేదు. రెండు నెలలు చూసిన, ఇగ రాదు. పోస్టాఫీసుకు పోయి అడిగే ధైర్యం లేదు.

నీ ఎనిమిదో తారీఖు ఉత్తరం చదివి మొదలు బుగులు పడ్డ. నువ్వు నీ పని మీద ఒట్టు పెట్టుకోంగ నేనెన్నడు వినలే. తర్వాత చీకట్ల నువ్వు ప్లేటు మూల పెదవికి ఆనిచ్చేది యాదికొచ్చింది. పెట్టెల ఉన్న సాయిలు ప్రింటు ఇంకొకటి తీసి అద్దం ముందట పెట్టి చూసిన. అద్దంల గడియారం సక్కగ నడుస్తున్నది. ఇంతకంటె రాయ.

నువ్వు చెప్పిందే చెప్తున్న. అందరు రాసుకున్నరు. గంగి రాసుకోలే. "గడియారం అంకెలు ఉల్టా ఉన్నయి టీచరమ్మా, ప్లేటు తిప్పి పెడితే సక్కగ వస్తది, నేను పెట్టి చూసిన" అని అందరి ముందట లేచి నిలబడి చెప్పింది. దాని ప్రింటు లాక్కొని చింపిన. ఎదురు చెప్తవా అని మోకాళ్ల మీద నిలబెట్టిన. గంట సేపు నిలబడ్డది. ఏడ్వలే. నన్ను చూసుకుంట నిలబడ్డది.

దామోదర్ సారు క్లాసు మూసేసిండు. పోస్టుల వచ్చే చదువు ఇంతే అని అందరి ముందట అన్నడు. నువ్వు చేతగాని సారువు, నేను చేతగాని టీచర్ను. అట్లనే ఉండని.

రాత్రి పగలు ఒక్కటే ఆలోచన. ఆ ఉత్తరం ఎవ్వరి చేతుల ఉన్నది? విప్పినోళ్లు చదివే ఉంటరు గదా.

ఇగ రాయను నాయినా. రాసుడే ముప్పు.

సుగుణ

—

మానుకోట
1951 నవంబరు 20

బంగారు కొండ, నా సుగుణకు,

మనోడు ఇంటికొచ్చిండు బిడ్డా. హన్మంత్ ఇంటికొచ్చిండు. ఈ మాట రాయనీకె కలం పట్టుకుంటె మూడు కాయితాలు తడిసి పాడైనయి, ఇది నాలుగోది.

లడాయి ఆగిందని నువ్వు వినే ఉంటవు. పోయిన నెల నా సంతకం గూడ ఎత్తేసిండ్రు. ఎత్తేసినంక గూడ రెండు రోజులు అలవాటుకు ఠాణకు పోయినచ్చిన. మొన్న మాపటిపూట మీ అవ్వ జొన్నరొట్టె చేస్తున్నది. వాకిట్ల గడ్డపాయన నిలబడ్డడు. "ఎవ్వరు కావాలె అయ్యా" అన్న. "నాకు ఫోటో దిగాలె" అన్నడు. మీ అవ్వ గొంతు గుర్తువట్టింది. రొట్టె పెనం మీద మాడింది, ఇల్లంత పొగ. నేనైతె లేవనే లేదు. వాడే వచ్చి నా పక్కన కూలబడ్డడు. ముందుగాల ఎడమ కనుబొమ్మ మీద చెయ్యి పెట్టి చూసిన. ఉన్నది. ఎడమకే ఉన్నది.

వాడు చెప్పింది విను. భూపాలపల్లి కంచెల వాడు ఉన్నమాట నిజమే. అడవి పనోన్ని, పేరు పోచయ్య అని చెప్పుకున్నడట. ఒకనాడు పొద్దుగాల నాలుగు వందల మందిని వరుసల నిలబెట్టిండ్రు. జమాదారు ఫోటో తెచ్చి ఒక్కొక్కని చెంప పక్కన పెట్టుకుంట వస్తున్నడు. మనోని కాడ ఆగిండు. మూడుసార్లు పెట్టి చూసిండు. ముక్కు అదే, మూతి అదే. "పట్టువడ్డ" అనుకొని వీడు కండ్లు మూసుకున్నడు. జమాదారు పక్కోన్ని పిలిచి, "ఫోటోల గాటు కుడి దిక్కున్నది, వీనిది ఎడమకు. వీడు కాదు, వీని అసుమంటోడు ఇంకెవడో ఉన్నడు" అని ముందటికి నెట్టిండట.

"నాయినా, ఆ రోజంత నా కనుబొమ్మ నేనే తడుముకున్న. నా గాటు యాడున్నదో నేనే మరిచిన్నా అని పరేషానైన" అంటుండు. ఏడాదిన్నర కంచెల వెదురు కొట్టిండు బిడ్డా, తన మొహం ఎట్ల తప్పిందో తెల్వకుంట. నేను చెప్పిన. "మీ అక్క నిన్ను ఉల్టా కడిగింది" అన్న. నవ్విండు. నవ్వి నవ్వి ఏడ్చిండు.

నీకు తెల్వని సంగతి ఇంకోటున్నది. నిన్న పొద్దున కొట్టు తెరిచిన. ఇన్నేండ్లకు తెరిచిన. సన్నగ, కండ్లద్దాలు పెట్టుకున్న మనిషి వచ్చి గడప కాడ చెప్పులు ఇడిచిండు. గిరాకేమో అనుకున్న. "ఐలయ్యను. పోస్టాఫీసుల గుమాస్తను" అన్నడు. సంచిల చెయ్యి పెట్టి, విప్పి మల్ల అతికించిన కవరు ఒకటి తీసి నా చేతిల పెట్టిండు. నా రాత. అయిదో తారీఖు ఉత్తరం.

కవరు అటిటు తిప్పి చూసిన. ఆయననే చెప్పిండు. "మీ ఉత్తరాలన్ని విప్పి చదువుడు నాకప్పజెప్పిన పని సారూ. ఫీజేం లేదు, నేర్చుకోనియ్యి అని మొదటిదాంట్ల రాసిండ్రు గదా. చదువుకుంట చదువుకుంట నేర్చుకున్న. మా ఇంట్ల గూడ చిల్లు పెట్టి చూసిన, మా బర్రె గోడ మీద తలకిందులు మేసింది. అయిదో తారీఖు ఈ ఉత్తరం విప్పిన. పాఠం తిప్పి చెప్తున్నరని, ఇంకోసారి చదివి రేపు పంపుదామని పక్కకు పెట్టిన. తెల్లారి మీ బిడ్డ ఉత్తరం వచ్చింది. ఎడమ కనుబొమ్మ అని ఉన్నది. రెండు పక్కపక్కన పెట్టి చదివిన. ఒక్కటి అమీను సాబు చేతికిస్తే నాకు పెద్ద నౌకరీ. మీ బిడ్డది మీకు పంపి, మీది బీరువ వెనకకు జారేసిన."

"ఎందుకయ్యా?" అన్న.

"పాఠం చెప్పిన సారు ఇంట్ల దీపం ఎట్ల ఆర్పాలె" అన్నడు. మల్ల సిగ్గుపడుకుంట అడిగిండు. "సారూ, పెదవికి అంటుకునే దిక్కే గదా కాయితం మీద ఆనాలె? రెండేండ్ల సంది అడుగుదామని ఉన్నది."

పద్నాలుగు మందే అనుకున్నవు గదా, మన క్లాసుల పదిహేనోడు ఉన్నడు బిడ్డా. వాన్ని చీకటి అర్రలకు తోల్కపోయి, ప్లేటు చేతికిచ్చి, పెదవికి ఆనియ్యమన్న. ఆనిచ్చిండు. అంటుకున్నది. అప్పుడు మార్కులేసిన. నూటికి నూరు.

ఈ ఉత్తరం ఐలయ్యనే పోస్టు చేస్తనంటుండు. విప్పనని ఒట్టు వేసిండు. విప్పినా ఏం కాదన్న.

ఇగ చెప్పాల్సినోళ్లు. యాదికొచ్చినకొద్ది రాస్తున్న, ఎవ్వరిని ఇడువకు.

దంతాలపల్లి సమ్మక్క అత్తకు. మొక్కిన కోడిని ఇగ కొయ్యమను, అది ముసలిదైంది.

డోర్నకల్ యాకమ్మ చిన్నమ్మకు. ఆమె పెండ్లి ఫోటోనే వాన్ని బతికించిందని చెప్పు. పెండ్లిల కూర సాలలేదని నేనన్న మాట వాపసు తీసుకున్నట్టు గూడ చెప్పు.

మీ పెద్దనాయిన పోచయ్యకు. ఠాణల నిలబడి "వాడు మా వంశపోడు కాదు" అన్నడు గదా, నీ పేరు మీదనే ఏడాదిన్నర బతికిండని చెప్పు. కోపం చెయ్యకు. తలకాయ వంచుకుంటడు, అంత చాలు.

రఘునాథపల్లి మేనమామకు, ఆయన చెవిటోడు, రాసి చూపియ్యి.

సాయిలుకు. సక్కటి ప్రింటు ఒకటి బాకీ ఉన్నం, పచ్చజెండా కుడిచేతికిచ్చి పంపుతం.

దామోదర్ సారుకు. చుట్టం కాడుగని చెప్పాలె.

పద్నాలుగు మంది పిల్లలకు. ఎక్కడెక్కడున్నా ఎతికి చెప్పు. నోటుబుక్కులల్ల కొట్టేసి, మసక దిక్కు అని రాసుకొమ్మను.

అందరికంటె ముందుగాల గంగికి. ఆ పిల్లను పక్కన కూసోబెట్టుకొని, నువ్వే సై అని చెప్పు.